ఇంట్లో చేసిన సున్నిపిండితో ముఖం నల్లబడింది, పొరపాటు ఎక్కడ జరిగింది?

సిరి_తణుకు

అందరికీ నమస్కారం. చెల్లి పెళ్ళి ఇంకా ఐదు వారాలే ఉంది. నలుగుకి బయట కొన్న పిండి వద్దు, ఇంట్లో చేసిందే పెట్టాలని పట్టుబట్టి, అమ్మమ్మ నోటు పుస్తకం ముందు పెట్టుకుని సున్నిపిండి చేశాను.

వేసినవి ఇవి: పెసలు కిలో, శనగపప్పు పావుకిలో, బియ్యం పావుకిలో. కస్తూరి పసుపు, గంధకచ్చూరాలు, బావంచాలు, తుంగముస్తలు, వట్టివేళ్ళు, మెంతులు తలా వంద గ్రాములు. ఎండు గులాబీ రేకులు రెండు గుప్పెళ్ళు. అన్నీ రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి మరలో ఆడించాం.

పడుతుందో పడదో అని ముందు మోచేతి మడతలో రాత్రిపూట రాసి రెండు రోజులు చూశాను కూడా. ఏమీ కాలేదు. సరే అని ఆదివారం పొద్దున పెరుగు, అరచెక్క నిమ్మరసం కలిపి ముఖానికి, మెడకి పట్టించి అరగంట ఉంచి కడిగేశాను. ఆ తర్వాత తమ్ముడి బండి మీద రాజమండ్రి వెళ్ళి బట్టలు కొని సాయంత్రానికి వచ్చాం.

సోమవారం రాత్రికి బుగ్గలు భగ్గుమన్నాయి. మంగళవారం కందిపోయి, కుడి చెంప ఎముక మీద చిన్న బొబ్బ లేచింది. ఇప్పుడు పన్నెండు రోజులైంది. మంట లేదు కానీ రెండు బుగ్గల మీదా గోధుమ రంగు మచ్చలు దిగిపోయాయి. గడ్డం కింద నుంచి మెడ దాకా ఒక నల్లటి చార ఉంది. పిండి నీళ్ళు కారిన దారిలోనే పడింది అది, గీత గీసినట్టు.

అర్థం కానిది ఏంటంటే, చెల్లి కూడా అదే రోజు అదే పిండి రాసుకుంది. కాకపోతే సాయంత్రం స్నానంలో. దానికి ఏమీ కాలేదు. పెళ్ళి దగ్గరపడుతోంది, ఈ పిండి దానికి వాడనివ్వాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

లత_ఓరుగల్లు

అయ్యో అక్కా, చదువుతుంటేనే బాధేసింది. ఒక సంగతి అడుగుతా. గిర్నిలో మీ కంటే ముందు ఎవరైనా మిరపకాయలు పట్టించారా? మా ఇంట్లో ఒకసారి అట్లనే అయింది. మిర్చి పట్టిన గిర్నిలోనే పెసలు పోశారు, స్నానం చేసిన ప్రతి ఒక్కరికీ ఒళ్ళంతా మంటే. అప్పటినుంచి ముందు రెండు గుప్పెళ్ళ బియ్యం పోసి, ఆ పిండి పారేశాకనే మన సరుకు పోయిస్తాం.

సిరి_తణుకు

లేదు లత గారూ, పొద్దున్నే వెళ్ళాం, మాదే మొదటి సరుకు. అదీకాక మిరపకాయ మంట అయితే రాసిన ఐదు నిమిషాల్లోనే తెలిసిపోయేది కదా. నాకు ఒకటిన్నర రోజు తర్వాత మొదలైంది.

రమ్య_కూకట్‌పల్లి

పసుపు మీద నాకు అనుమానం. కస్తూరి పసుపు పేరుతో వంట పసుపే పొట్లం కట్టి అమ్మేస్తున్నారు. అసలు కస్తూరి పసుపు కొమ్ము విరిస్తే లోపల లేత రంగులో ఉంటుంది, కర్పూరం కలిసిన వాసన వస్తుంది, ఒంటికి పచ్చదనం పెద్దగా అంటదు. విడిగా దొరికే పొడుల్లో రంగులు కూడా కలుపుతారు. నేను బేగంబజార్‌లో కొమ్ములే తెచ్చుకుని ఇంట్లో దంచుకుంటాను, పొడి మాత్రం ఎప్పుడూ కొనను.

ఫార్మసీ_బెజవాడ

సిరి గారూ, నేను పన్నెండేళ్ళుగా ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. డాక్టర్‌ని కాదు, అది ముందే చెప్పేస్తున్నాను. మీరు రాసినదాంట్లో మూడు విషయాలు నా దృష్టిలో పడ్డాయి. మంట ఒక రోజు దాటాక రావడం ఒకటి. కారిన చోట కారినట్టే చార పడటం రెండు. పొద్దున రాసుకున్న మీకు వచ్చి, సాయంత్రం రాసుకున్న చెల్లికి రాకపోవడం మూడు. మరో రెండు ప్రశ్నలు. ఆ రోజు ఎండలో ఎంతసేపు ఉన్నారు? ముఖానికి చున్నీ కట్టుకున్నారా?

సిరి_తణుకు

పదకొండింటికి బయల్దేరాం. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు కలిపి రెండు గంటలకు పైనే బండి మీద. చున్నీ నుదుటికి, తలకి చుట్టుకున్నాను, బుగ్గలు బయటే. ఇప్పుడు మీరు అడిగాక అద్దంలో చూసుకుంటే నుదుటి మీద ఒక్క మచ్చ కూడా లేదండీ! ఇన్నాళ్ళూ అది గమనించనేలేదు.

ఫార్మసీ_బెజవాడ

అయితే నా అనుమానం బావంచాల మీద. పక్కన నిమ్మరసం కూడా ఉంది.

బావంచాలంటే హిందీలో బాకుచీ. నల్లగా, చిన్న మూత్రపిండం ఆకారంలో ఉంటాయి. వాటిలో సోరలెన్ అనే పదార్థం ఉంది. దాని గుణం ఏంటంటే, చర్మంలోకి ఇంకి ఊరికే ఉంటే ఏమీ చేయదు. దాని మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు, అందులోనూ ‘ఎ’ రకం పడితే మాత్రం చర్మ కణాలను దెబ్బతీస్తుంది. మామూలు ఎండకి కమిలినట్టు అదే రోజు కాకుండా ఒకటి రెండు రోజులకు మంట, ఎరుపు, బొబ్బలు వస్తాయి. అవి తగ్గాక నల్లమచ్చ మిగిలిపోతుంది.

ఈ గుణాన్నే మందుగా వాడుకున్నారు మనవాళ్ళు. బొల్లికి బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టడం ఆయుర్వేదంలో చాలా పాత వైద్యం. రంగు పోయిన చోట రంగు రప్పించడానికి అది. ఇంగ్లీషు వైద్యంలోనూ 1970ల నుంచి సోరలెన్ ఇచ్చి లెక్క ప్రకారం కిరణాలు పట్టించే ‘పువా’ చికిత్స ఉంది. చర్మం రంగు పెంచడానికి వాడే వస్తువుని నిగారింపు కోసం ముఖానికి రాసుకుని మధ్యాహ్నం ఎండలో తిరిగారు మీరు.

నిమ్మజాతిలోనూ ఇదే కుటుంబానికి చెందిన పదార్థాలు ఉంటాయి, రసంలో కంటే తొక్కలో ఎక్కువ. చెక్క పిండినప్పుడు తొక్కలోని నూనె కూడా రసంలో పడుతుంది. పైగా నిమ్మరసం పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2 దగ్గర ఉంటుంది, మన చర్మం 5 దగ్గర. పై పొర దెబ్బతింటే లోపలికి ఏదైనా తేలిగ్గా దిగుతుంది.

ఇక మీరు చేసిన పరీక్ష గురించి. మోచేతి మడతలో, అదీ రాత్రిపూట రాశారు. ఆ చోటికి ఎండే తగలలేదు. వట్టి ఎలర్జీ అయితే ఆ పరీక్షలో బయటపడే అవకాశం ఉండేది. ఎండతో కలిస్తేనే పనిచేసే వస్తువు అందులో దొరకదు.

కెమిస్ట్రీ_మాస్టారు

బాగా పట్టుకున్నారు. ఒకటి జోడిస్తాను. బస్సులోనో కారులోనో వెళ్ళారు కదా, అద్దాలు వేసి ఉన్నాయి కదా అని ధీమా పడకండి. మామూలు అద్దం ‘బి’ రకం కిరణాలను ఆపుతుంది గానీ ‘ఎ’ రకం చాలావరకు లోపలికి వచ్చేస్తుంది.

అమ్మాయ్, నువ్వు వేసిన కొలతల మీద నాకో సందేహం. మొత్తం సరుకు రెండు కిలోల పైచిలుకు, అందులో బావంచాలు వంద గ్రాములు. అంటే నూటికి ఐదు పాళ్ళ దాకా. అమ్మమ్మ గారి పుస్తకంలో నిజంగా అంతే ఉందా?

సుబ్బలక్ష్మి_అమలాపురం

నేనూ అదే అడుగుదామని వచ్చాను. నాకు 67 ఏళ్ళు. మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. బావంచాలు వేసేవాళ్ళం గానీ చిటికెడంటే చిటికెడే. వంద గ్రాములు నా జన్మలో వినలేదు తల్లీ.

ఇంకో మాట. మా ఇంట్లో సున్నిపిండి ముఖానికి పట్టించి ఆరనివ్వడం అనేది లేదు. ఈ ఫేస్‌ప్యాకులు మీ కాలంలో వచ్చినవి. మాకు తలంటు తెల్లవారుజామునే. ముందు ఒంటికి నువ్వుల నూనె మర్దన, ఆ నూనె మీద పిండి చల్లి నలిచి, వెంటనే వేడినీళ్ళు పోసేసేవాళ్ళు. నూనె వదలడానికే పిండి. పొడి ఒంటికి పిండి రుద్దితే గీరుకుపోదూ? తలంటు పోసుకున్న రోజు ఎండలో తిరగవద్దు, పడుకోవద్దు అని పెద్దవాళ్ళు గోల పెట్టేవాళ్ళు. ఎందుకో అప్పుడు తెలియదు. ఇవాళ ఈ అబ్బాయి చెప్పింది చదివాక తెలిసింది.

సిరి_తణుకు

పెద్దమ్మ గారూ, మాస్టారూ, పుస్తకం మళ్ళీ తీశాను. చేతులు వణికాయి.

‘బావం. 1 తు.’ అని ఉంది. ఆ ‘తు.’ అంటే ఏంటో నాకు తెలియక పట్టించుకోలేదు. పేర్లు మాత్రం చీటీ మీద రాసుకుని కొట్టుకి వెళ్ళాను. ఆయన అన్నీ వంద గ్రాముల పొట్లాలే ఉన్నాయన్నాడు, సరే అన్నాను. ఇప్పుడు అమ్మని అడిగితే తులం అంది.

కెమిస్ట్రీ_మాస్టారు

పాత తులం 11 గ్రాముల 66 సెంటీగ్రాములు. ఇప్పుడు బంగారం కొట్లో పది గ్రాములనే తులం అంటున్నారు. మరి పెసలు ఎన్ని రాసి ఉన్నాయి?

సిరి_తణుకు

పెసలు 2 మానికలు, శనగపప్పు 1 సోల (మానికలో నాలుగో వంతు), బియ్యం 1 సోల. అమ్మమ్మ ఇత్తడి మానిక ఇంట్లోనే ఉంది మాస్టారూ, దేవుడి గదిలో బియ్యం పోసి పెట్టుకుంటాం. ఇప్పుడే పెసలు పోసి తూచాను. మానికకి కిలో రెండు వందలు తూగాయి.

కెమిస్ట్రీ_మాస్టారు

రెండు మానికలంటే రెండుంబావు కిలో దాటింది. మిగతావి కలిపితే మూడు కిలోల పైన. అందులో పన్నెండు గ్రాములు కూడా లేవు బావంచాలు. నూటికి అర పాలు కూడా కాదు. నువ్వు వేసింది అమ్మమ్మ వేసినదానికి పది రెట్ల పైనే.

నర్సరీ_కడియం

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది కడియం, మొక్కల పని. గులాబీ రేకుల గురించి చెప్పాలి. కొట్లో దొరికే ఎండు రేకులు చాలావరకు దండల పూలవి, పెళ్ళి మండపాల నుంచి వచ్చినవి కూడా ఉంటాయి. పూలతోటలకు పురుగుమందు గట్టిగా కొడతారు, తినే పంట కాదు కదా అని. ఇంట్లో కుండీలో రెండు నాటు గులాబీ మొక్కలు పెట్టుకోండి. రేకులు నీడలో, పల్చటి గుడ్డ కప్పి ఎండబెట్టండి. ఎండలో పెడితే రంగూ పోతుంది, వాసనా పోతుంది. వేపాకు, తులసి కూడా అంతే.

హారిక_సీరమ్స్

నాకో అనుమానం. బాకుచియాల్ అని సీరమ్స్ ఇప్పుడు అందరూ వాడుతున్నారు, ముడతలకి రాసే రెటినాల్‌కి బదులుగా. అది బావంచాల నుంచి తీసిందే కదా? మరి అది మంచిదైతే ఇది ఎలా చెడ్డదవుతుంది?

ఫార్మసీ_బెజవాడ

హారిక గారూ, గింజ ఒకటే, అందులో ఉండే పదార్థాలు వేరు. బాకుచియాల్ వేరు, సోరలెన్ వేరు. కాస్మెటిక్స్‌కి తయారుచేసే బాకుచియాల్‌ని సోరలెన్ లేకుండా శుద్ధి చేస్తారు. మనం గింజ మొత్తం దంచితే రెండూ వస్తాయి. ఇంట్లో మిక్సీతో వాటిని విడదీయలేం. అందుకే బాకుచియాల్ పేరు చెప్పి బావంచాల పొడి ముఖానికి రాసుకోమనే వీడియోలు చూస్తే నాకు భయం వేస్తుంది.

సిరి గారూ, ఇప్పుడు మీరు చేయాల్సింది. చర్మ వైద్యుల దగ్గరికి ఈ వారమే వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పిండి, ఏమేం వేశారో రాసిన చీటీ తీసుకెళ్ళండి. ఈలోగా మచ్చ పోవాలని నిమ్మకాయ, వంటసోడా, టూత్‌పేస్టు లాంటివేవీ రాయకండి, రుద్దకండి. బయటికి వెళ్తే ముఖం కప్పుకోండి, ‘ఎ’, ‘బి’ రెండు రకాల కిరణాలనూ ఆపే సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా రాసుకోండి.

మరీ ముఖ్యమైనది. పెళ్ళి దగ్గరపడింది కదా అని మెడికల్ షాపులో తెల్లబడే ట్యూబు అడిగి తెచ్చుకోకండి. అలా అడిగితే చేతిలో పెట్టేవాటిలో స్టెరాయిడ్ కలిసినవే ఎక్కువ. వారంలో మెరిసిపోతుంది, ఆపగానే ఎర్రబడి మొటిమలు, సన్నటి రక్తనాళాలు తేలతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ చర్మ మందులని షెడ్యూల్ ‘హెచ్’ కిందికి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. నేను ఉన్న చోటే రోజూ ఎవరో ఒకరు ఫోన్‌లో ఫొటో చూపించి ‘ఇది ఇవ్వండి’ అంటారు. ఇవ్వను. పక్క వీధిలో కొనుక్కుంటారని తెలిసినా ఇవ్వను.

డాలస్_స్వాతి

ఈ చర్చ చదివి నా సంగతి కూడా అడగాలనిపించింది. ఇక్కడ మర లేదు, మిక్సీలోనే పెసరపిండి చేసుకుంటాను. చలికాలంలో వాడితే చర్మం పొట్టు రేగుతోంది. ఇంకోటి, కుండీలో కలబంద ఉంది. దాని గుజ్జు, రోజ్‌వాటర్ కలిపి సీసాలో పోశాను. పాడవకుండా విటమిన్ ఇ క్యాప్సూల్స్ రెండు కూడా వేశాను. వారానికే తీగలు సాగి పుల్లటి వాసన వస్తోంది. పారేయాలా?

కెమిస్ట్రీ_మాస్టారు

పారేసెయ్యమ్మా, ఇవాళే. వాసన రాకముందు నుంచే అందులో సూక్ష్మజీవులు పెరుగుతుంటాయి.

ఇంట్లో చేసుకునేవాళ్ళు మొదట చూసుకోవాల్సింది అందులో నీరు ఉందా లేదా అన్నది. సున్నిపిండి పొడిగా ఉన్నంత కాలం నిలవుంటుంది. నూనె, మైనం కలిపిన లేపనం నెలలు నిలవుంటుంది, అందులో నీరు లేదు కాబట్టి. కలబంద గుజ్జు, పెరుగు, పాలు, రోజ్‌వాటర్, కీరదోస రసం, ఇవన్నీ నీళ్ళే. ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజులకు మించి ఉంచకూడదు. విటమిన్ ఇ నూనె మక్కిపోకుండా కాస్త కాపాడుతుంది. బ్యాక్టీరియానీ బూజునీ అది ఏమీ చేయలేదు. ఆ పని చేసే ప్రిజర్వేటివ్‌లు వేరే ఉన్నాయి. వాటిని గ్రాములో పదో వంతు తూచే త్రాసు లేకుండా వేయకూడదు.

కలబందకి ఇంకో సంగతి. మట్ట కోయగానే పసుపు పచ్చటి జిగురు కారుతుంది చూశావా, అది దురద పెడుతుంది. కోసిన మట్టని గ్లాసులో నిలబెట్టి పావుగంట కారనిచ్చి, కడిగి, పచ్చ తొక్క అంతా చెక్కేసి, లోపలి తెల్లటి గుజ్జు మాత్రమే తీసుకోవాలి. ఆ పూటకి కావలసినంతే తీసుకో. మిగతా మట్ట మొక్కకి ఉండనీ, అంతకంటే మంచి ఫ్రిజ్ లేదు.

ఫార్మసీ_బెజవాడ

స్వాతి గారూ, చలికాలానికి పెసరపిండి మానేసి ఓట్స్ వాడి చూడండి. మెత్తగా పొడి చేసి, చెంచాడు పొడి గ్లాసు నీళ్ళలో వేస్తే పాలలా తెల్లగా అవ్వాలి. అంత మెత్తగా ఉండాలి. మీ దేశంలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ 2003లోనే ఇలాంటి మెత్తటి ఓట్స్ పొడిని (కొల్లాయిడల్ ఓట్‌మీల్) చర్మాన్ని కాపాడే పదార్థంగా గుర్తించింది. స్నానం అయ్యాక ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె పల్చగా రాసుకోండి. తడి మీద రాస్తేనే ఆ తడి నిలుస్తుంది.

కొత్తమ్మ_నెల్లూరు

మా బాబుకి నాలుగో నెల. అత్తయ్య శనగపిండి, మీగడతో రోజూ నలుగు పెడుతున్నారు, ఒంటి మీద వెంట్రుకలు పోతాయని. రెండు వారాలుగా మోచేతులు, బుగ్గలు ఎర్రగా గరుకుగా అయ్యాయి. ఆవిడకి చెప్పలేకపోతున్నాను.

ఫార్మసీ_బెజవాడ

ముందు నలుగు ఆపి, పిల్లల డాక్టర్‌కి చూపించండి అమ్మా. పుట్టినప్పుడు ఉండే నూగు వెంట్రుకలు వాటంతట అవే రాలిపోతాయి, రుద్దక్కర్లేదు. చర్మం పగిలి ఉన్నప్పుడు తిండి పదార్థాలు పైన రుద్దడం మంచిది కాదు. వాటి మాంసకృత్తులు ఆ పగుళ్ళలోంచి ఒంట్లోకి చేరితే, తర్వాత అదే తిండి పడకుండా పోయే ప్రమాదం ఉంది. జపాన్‌లో గోధుమ మాంసకృత్తులు కలిపిన ముఖం సబ్బు ఒకటి వాడినవాళ్ళలో రెండు వేల మందికి పైగా ఇలాగే గోధుమ ఎలర్జీ వచ్చింది, రొట్టె తింటే ఆసుపత్రి పాలయ్యారు. ఆ సబ్బుని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

సుబ్బలక్ష్మి_అమలాపురం

అమ్మాయ్, మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకు, ఆవిడ ప్రేమతోనే చేస్తున్నారు. ‘డాక్టర్ గారు కొన్నాళ్ళు నూనె మాత్రమే రాయమన్నారు, మీ చేత్తో మీరే రాయండి అత్తయ్యా’ అని చెప్పు. ఆవిడకి కావలసింది మనవడి ఒళ్ళు నిమరడం, శనగపిండి కాదు. మా కోడలు నాకు అలాగే చెప్పింది, నేను విన్నాను.

పద్మ_హస్తకళ

నేను గత ఏడాదిగా చుట్టుపక్కల వాళ్ళకి సున్నిపిండి, కుంకుడు పొడి చేసి ఇస్తున్నాను. ఆర్డర్లు పెరిగాయి. ఆన్‌లైన్‌లో పెట్టాలంటే అనుమతి కావాలా? ఇంట్లో పొడే కదా అంటున్నారు కొందరు.

ఫార్మసీ_బెజవాడ

కావాలండీ. ఒంటికి రాసుకునేదాన్ని తయారుచేసి అమ్మితే అది కాస్మెటిక్ కిందికే వస్తుంది. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్సు తీసుకోవాలి. ప్యాకెట్ మీద దినుసులు, బ్యాచ్ నంబరు, ఎప్పటిదాకా వాడాలో ఉండాలి. మొటిమలు తగ్గుతాయి, మంగు పోతుంది అని రాస్తే అది మందు లెక్కలోకి పోతుంది, దానికి దారి వేరే. లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గర మీ కొలతలతో చేయించుకునే పద్ధతి కూడా ఉంది, కనుక్కోండి. బావంచాలు మాత్రం వేయకండి. కొన్నవాళ్ళు ఎండలో పనిచేసేవాళ్ళో కాదో మీకు తెలియదు.

సుబ్బలక్ష్మి_అమలాపురం

అబ్బాయీ, నువ్వు చెప్పింది నిజమే. అయినా మా అత్తగారి చిటికెడు లెక్క నేను మానను. రాత్రి స్నానానికే వాడతాను, ముఖానికి పెట్టను. నలభై ఏళ్ళ అలవాటు. పిల్లలకి మాత్రం లేకుండా విడిగా చేస్తాను ఇకనుంచి.

లత_ఓరుగల్లు

సిరక్కా, కొత్తగా చేస్తే ఒక మాట. గిర్నిలో పట్టించాక పల్చటి నూలు బట్టలో జల్లించండి. తుంగముస్తలు, వట్టివేళ్ళు పీచు పీచుగా ఉంటాయి, జల్లెడలోంచి కూడా దిగుతాయి, ముఖం మీద గీతలు పడతాయి. బట్టలో మిగిలిన ముతక పిండి కాళ్ళకు, చేతులకు పెట్టుకోవచ్చు. స్నానాల గదిలో నీళ్ళు పోయే జాలీ మీద కూడా ఒక గుడ్డముక్క పెట్టండి. పెళ్ళింట్లో పదిమంది నలుగు స్నానం చేస్తే పిండంతా పైపులో గట్టిపడుతది, మాకు అనుభవమే.

సిరి_తణుకు (ఆరు వారాల తర్వాత)

చెల్లి పెళ్ళి బాగా జరిగింది. అందరికీ చెప్పాలని వచ్చాను.

చర్మ డాక్టర్ గారు మెడ మీది చార చూడగానే ‘ఏం రాసుకుని ఎండలోకి వెళ్ళావు?’ అని అడిగారు. చీటీ చూపించాను, బావంచాల దగ్గర వేలు పెట్టారు. పూతకి ఒకటి, సన్‌స్క్రీన్ ఒకటి రాశారు. పూర్తిగా పోవడానికి నెలలు పట్టొచ్చు, తొందరపడి ఏదీ రుద్దవద్దన్నారు. బుగ్గల మీద సగానికి సగం తేలికపడింది. మెడ మీద చార ఇంకా ఉంది. పెళ్ళిలో అందరూ అడిగారు, దాచుకోలేదు, జరిగింది చెప్పాను. మా పిన్ని అక్కడే ఫోన్ తీసి వాళ్ళింట్లో డబ్బాలో ఉన్న పిండిలో ఏముందో కనుక్కుంది.

నలుగుకి మళ్ళీ కొత్త పిండి చేశాం, బావంచాలు లేకుండా, నిమ్మకాయ లేకుండా. పెద్దమ్మ గారు చెప్పినట్టు ముందు నువ్వుల నూనె రాసి, దాని మీద పిండి. తెల్లవారకముందే అయిపోయింది. చెల్లి ఒళ్ళు ఎంత మెత్తగా ఉందో, తడిబట్టతో తుడుస్తుంటే అమ్మ ఏడ్చేసింది. ఆ పాత రెండు కిలోల పిండి ఎవరికీ ఇవ్వకుండా పారబోశాను.

సుబ్బలక్ష్మి_అమలాపురం

సంతోషం తల్లీ. చెల్లికి నా ఆశీస్సులు. మీ అమ్మమ్మ గారి పేజీ మొత్తం ఇక్కడ రాసి పెట్టు, తులాల పక్కన గ్రాములు కూడా వెయ్యి. మాలాంటి వాళ్ళం పోయాక తులం ఎవరికి తెలుస్తుంది?

సిరి_తణుకు

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను పెద్దమ్మ గారూ. బ్రాకెట్లలో గ్రాములు నేను వేసినవి.

పెసలు 2 మానికలు (2400 గ్రాములు). శనగపప్పు 1 సోల (300). బియ్యం 1 సోల (300). కస్తూరి పసుపు 5 తు. (58). కచ్చూరాలు 4 తు. (47). తుంగముస్తలు 3 తు. (35). మెంతులు 1 గిద్ద (సోలలో నాలుగో వంతు). వట్టివేళ్ళు గుప్పెడు. గులాబీలు 2 గుప్పెళ్ళు, నీడన ఎండినవి. బావం. 1 తు. (11.66), దీని మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, పక్కన తారీఖు వేసి, ఎందుకు కొట్టానో నాలుగు ముక్కలు రాశాను.

పేజీ అడుగున అమ్మమ్మ పెన్సిల్‌తో రాసుకున్న మాట ఒకటి ఉంది. మాసిపోయింది, మొన్నటిదాకా నేను చూడలేదు. లత గారు చూస్తే సంతోషిస్తారు: ‘భోగికి పది రోజుల ముందు ఆడించాలి. మిరపకాయల వాళ్ళు రాకముందే మరకి వెళ్ళాలి.’